రావులపాలెం నుంచి అంతర్వేది దాకా: శుభ్రమైన బాత్రూం ఎక్కడుందో చెప్పే యాప్, సలహాలు కావాలి

డెల్టా_కోడర్:
అందరికీ నమస్కారం. మాది తణుకు, హైదరాబాద్‌లో యాప్‌లు రాసే ఉద్యోగం. ఖాళీ టైములో సొంతంగా ఒకటి మొదలుపెట్టాను. ప్రయాణంలో ఉన్నవాళ్లకి దగ్గర్లో వాడుకోదగ్గ బాత్రూం ఎక్కడుందో చెప్పాలి, అంతే దాని పని. రాష్ట్రం మొత్తం నెత్తికెత్తుకోకుండా ముందు మన డెల్టా వరకే అనుకుంటున్నా. పదహారో నంబరు హైవే మీద రావులపాలెం, తణుకు. 216 మీద యానాం, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు, నరసాపురం. లోపల పాలకొల్లు, భీమవరం. యాప్‌లు కట్టే ఫ్లట్టర్ అనే టూల్‌తో రాస్తున్నా, ముందు ఆండ్రాయిడ్‌కి. మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది (జనమే కలిసి తయారుచేసుకునే ఉచిత మ్యాపు) తీసుకున్నా గానీ అందులో మన ఊళ్లకి టాయిలెట్లు వెతికితే చాలాచోట్ల ఖాళీగా ఉంది. గూగుల్‌లో ఉన్నవి తెచ్చి వేసేయొచ్చా? స్టార్ రేటింగ్ పెట్టాలా, ఫొటోలు పెట్టాలా? అసలు ఎవరైనా వాడతారా? మొహమాటం లేకుండా చెప్పండి.

కాల్వగట్టు_కబుర్లు:
ఏవండి బాబూ, లేని బాత్రూంలకి మ్యాపెందుకండి? యాప్ తెరిస్తే "మీ దగ్గర్లో ఏమీ లేవు" అని వస్తుంది, ఆ సంగతి చెప్పడానికి డేటా ఖర్చు కూడానా. 2014లో స్వచ్ఛ భారత్ వచ్చింది, 2016 చివర్లో గూగుల్ మ్యాప్స్‌లో టాయిలెట్ లొకేటర్ అని ఢిల్లీ చుట్టుపక్కలా మధ్యప్రదేశ్‌లోనూ మొదలెట్టి తర్వాత మిగతా ఊళ్లకీ తెచ్చారు. ఇప్పుడు మీరు మ్యాప్స్‌లో వెతికి ఆ పిన్ను దగ్గరికి వెళ్లి చూడండి, తాళం వేసి ఉంటుంది. పిన్ను మాత్రం భేషుగ్గా ఉంటుంది. నిరుత్సాహపరచాలని కాదండి, ఉన్నమాట.

పాలకొల్లు_ఆడపడుచు:
కబుర్లు గారూ, ఆ తాళం వేసి ఉన్న సంగతే నాకు ముందు తెలియాలి. అక్కడిదాకా నడిచి వెళ్లి వెనక్కి రావడం ఎలా ఉంటుందో మీకు తెలియదు లెండి, మీకు కాల్వగట్టు ఉంది.

తమ్ముడూ, వాడతారా అని అడిగావు కదా. నేను రోజూ బస్సులో వెళ్లొచ్చే టీచర్ని. మా స్టాఫ్‌రూంలో సగంమంది బయల్దేరే ముందు మంచినీళ్లు తాగరు. ఎండాకాలంలో కూడా. తర్వాత యూరిన్ ఇన్ఫెక్షన్లు, డాక్టర్లు, మందులు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి టికెట్ లేకుండా అయ్యాక పల్లెవెలుగు బస్సుల్లో ఎంతమంది ఆడవాళ్లు తిరుగుతున్నారో నువ్వే చూస్తున్నావు. ప్రయాణం ఫ్రీ అయింది, దారిలో అవసరం తీరే చోటు మాత్రం పెరగలేదు.

స్టార్లు వద్దు. మూడు స్టార్లు అంటే నాకేం అర్థమవుతుంది? తలుపుకి గడియ ఉందా. లోపల బకెట్టూ మగ్గూ ఉన్నాయా, కుళాయి తిప్పితే నీళ్లొస్తాయా. చీకటి పడ్డాక లైటు వెలుగుతుందా. ప్యాడ్ పడేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా. బ్యాగు తగిలించుకోవడానికి కనీసం ఒక మేకు. ఆడవాళ్ల వైపుకి వెళ్లాలంటే మగవాళ్ల వైపు ముందునుంచి వెళ్లాలా. ఇవి చెప్పు చాలు.

డెల్టా_కోడర్:
అక్కా, ఇంత వివరంగా నాకు తట్టలేదు. ఐదు స్టార్లు తీసేస్తున్నా. వీటన్నిటికీ అవును, కాదు అని రెండే బటన్లు పెడతా.

పటం_పిచ్చి:
మ్యాపు గురించి రెండు ముక్కలు. గూగుల్‌లో ఉన్నవి కాపీ కొట్టి మీ డేటాబేసులోనో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనో వెయ్యకండి, వాళ్ల షరతులు ఒప్పుకోవు. కళ్లతో చూసి వచ్చినవి వేయండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో టాయిలెట్‌కి ట్యాగు ఎప్పటినుంచో ఉంది. డబ్బు తీసుకుంటారా, కస్టమర్లకి మాత్రమేనా, చక్రాల కుర్చీ వెళ్తుందా, ఏ టైముకి తెరుస్తారు, ఇండియనా వెస్ట్రనా, అన్నిటికీ విడివిడిగా చోటుంది. స్ట్రీట్‌కంప్లీట్ అని ఒక యాప్ ఉంది, దారిన పోతూ అది అడిగే ప్రశ్నలకి జవాబిస్తే నేరుగా మ్యాపులోకి ఎక్కుతుంది.

అయితే ఒక గీత గీసుకోవాలి. ఏళ్ల తరబడి మారనివి మాత్రం మ్యాపులో. "ఈ పూట నీళ్లు లేవు", "కంపు కొడుతోంది" లాంటివి మీ సొంత డేటాబేసులో. ఈ రెండూ కలిపేస్తే మ్యాపు వాళ్లు తీసేస్తారు, తీసెయ్యాలి కూడా. ఆ డేటా లైసెన్సు ప్రకారం యాప్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు కనిపించాలి. ఆఫ్‌లైన్ మ్యాపు కోసం వాళ్ల ఉచిత సర్వర్ నుంచి మ్యాపు బొమ్మ ముక్కల్ని (టైల్స్ అంటారు) గంపగుత్తగా దించుకోకండి, బ్లాక్ చేస్తారు.

టెంపో_మావయ్య:
నేను టూరిస్టు బండి తోలతానండి. వాడపల్లి, అయినవిల్లి, ర్యాలి, ద్రాక్షారామం, అంతర్వేది, ఇదీ మా రూటు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కు వాళ్లు తెల్లారకుండానే బయల్దేరతారు. బండెక్కిన గంటకి వెనకనుంచి "డ్రైవరు గారూ, ఎక్కడైనా ఆపండి" అని మొదలు. నాకు మ్యాపు అక్కర్లేదు. ఏ బంకులో బాగుంటుందో, ఏ టిఫిన్ హోటలు వెనకాల ఉందో, ఏ కల్యాణ మండపం వాచ్‌మన్ పది రూపాయలకి తాళం తీస్తాడో అన్నీ తెలుసు. మా డ్రైవర్లందరికీ తెలుసు. యాప్ వాడు మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు, అంతే. మేం టైపు చెయ్యలేమండి, వాయిస్ పంపమంటే పంపుతాం.

ఇంకో సంగతి. టాయిలెట్ బాగుందో లేదో పక్కనున్న టీకొట్టు వాణ్ణి అడగాలి. పొద్దుట్నించి చూస్తూ కూర్చునేది వాడే.

డెల్టా_కోడర్:
మావయ్య గారూ, వాయిస్ ఐడియా బ్రహ్మాండం. వాట్సాప్ గ్రూపు పెట్టి మీ డ్రైవర్లందరినీ చేరిస్తే, వచ్చిన వాయిస్‌లు విని నేనే ఎక్కిస్తా. మొదట్లో చేత్తోనే చేద్దాం.

బంకు_కుర్రాడు:
మా గోడు కూడా వినండి. నేను బంకులో పనిచేస్తా, ఏ బంకో ఏ కంపెనీయో చెప్పను. టాయిలెట్ ఉండాలనేది ఆయిల్ కంపెనీల రూలే, కాదనను. గానీ బస్సు నిండా జనం దిగుతారు, ఒక్క లీటరు డీజిల్ కొట్టించరు, పావుగంటలో పైట్యాంకు ఖాళీ. తర్వాత కడగాల్సింది నేనే, పంపు దగ్గర నుంచోవాల్సిందీ నేనే. అందుకే తాళంచెవి కౌంటర్లో పెట్టుకుంటారు ఓనర్లు. మీ యాప్‌లో మా బంకు పెడితే ఇంకో నాలుగు బస్సులొస్తాయి. మా ఓనరు తాళం మార్చేస్తాడు, అది మాత్రం గ్యారంటీ.

కేరళలో బంకు ఓనర్లు కోర్టుకి వెళ్లారు కూడా. 2025 జూన్‌లో అక్కడి హైకోర్టు బంకు టాయిలెట్లు కస్టమర్లకే అంటూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత డివిజన్ బెంచ్ దాన్ని మార్చి, జాతీయ రహదారుల మీది బంకుల్లో ప్రయాణికులకీ తెరిచి ఉంచాలంది. మన రాష్ట్రంలో తీర్పు కాదు గానీ మా ఓనర్లందరి ఫోన్లలోనూ తిరిగింది.

కాల్వగట్టు_కబుర్లు:
చూశారా, నేను చెప్పింది ఇదే. ఉన్న నాలుగింటి మీదకీ జనాన్ని తోలితే ఆ నాలుగూ పాడవుతాయి.

పాలకొల్లు_ఆడపడుచు:
ఆ కుర్రాడు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. మరి డబ్బు తీసుకోండి. ఐదు కాదు పది ఇస్తాం, నీళ్లూ గడియా ఉంటే. ఫ్రీ అని రాసి తాళం వేసేదానికన్నా పది రూపాయలు తీసుకుని కడిగేది మేలు కదా. అయితే ఆ పది కడిగే మనిషికి చేరాలి, ఓనరు గల్లాలోకి కాదు.

పాత_శానిటరీ:
మునిసిపాలిటీ పారిశుధ్య విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీరంతా శుభ్రం అంటే కడగడం అనుకుంటున్నారు. కడగడం చివరి పని నాయనా. మొదటిది నీళ్లు.

డబ్బు తీసుకునే పద్ధతి కొత్తదేం కాదు. బిందేశ్వర్ పాఠక్ గారు 1970లో సులభ్ పెట్టారు, ఇవాళ ఎవరు కట్టినా జనం దాన్ని సులభ్ అనే పిలుస్తున్నారంటే అది ఎంత నిలబడిందో చూడండి. అది నిలబడ్డది కౌంటర్లో ఒక మనిషి కూర్చుని ఉండటం వల్ల. మనిషి లేని టాయిలెట్ ఎంత మంచి టైల్స్ వేసినా నెలల్లో పాడవుతుంది. మోటారు కాలుతుంది, కాలిన మోటారు ఎవరు బాగుచేయించాలన్నది కాంట్రాక్టు కాగితంలో ఉండదు, లేదా ఉన్నా ఎవరూ చదవరు. ఈలోగా ట్యాంకు ఎండుతుంది. నీళ్లు లేకపోతే జనం ఎలా వదిలేసి వెళ్తారో చెప్పక్కర్లేదు. రెండో రోజుకి తాళం. మీరు చూసే తాళం వెనక కథ ఎక్కువసార్లు ఇదే.

ఇక మన డెల్టా సంగతి వేరు. రెండు అడుగులు తవ్వితే నీళ్లొచ్చే చోట్లున్నాయి. వానాకాలంలో భూమిలో నీళ్లు పైకొచ్చేసి సెప్టిక్ ట్యాంకూ ఇంకుడు గొయ్యీ నిండిపోతాయి, పోసిన నీళ్లు దిగవు, పైకి తంతాయి. ఎంత కడిగినా లాభం లేదు. వేసవిలో కాల్వలు కట్టేసే రోజుల్లో చెరువుల మీద ఆధారపడ్డ ఊళ్లలో తాగడానికే కటకట, బాత్రూంకి ఎవరు పోస్తారు? సముద్రం వైపు, సఖినేటిపల్లి అవతల, బోరు నీళ్లు ఉప్పు. కుళాయిలు తుప్పు పడతాయి, టైల్స్ మీద పచ్చటి చారలు కడతాయి. పొద్దున్నే యాసిడ్ పోసి తోమినదాన్ని ఫొటో తీసినా మురికిగానే కనిపిస్తుంది. అందుకని ఫొటో చూసి తీర్పు చెప్పకండి. లోపల మనుషులుండగా ఫోన్లు పైకెత్తే అలవాటు చెయ్యడం అంతకన్నా ప్రమాదం. ఫొటోలు అసలు వద్దు.

పాలకొల్లు_ఆడపడుచు:
మాస్టారూ, ఫొటోలు వద్దన్న మాటకి నూటికి నూరు మార్కులు. ఆడవాళ్ల బాత్రూంలో ఎవరైనా ఫోన్ పట్టుకుని కనబడితే మేం చూసే చూపే వేరు.

డెల్టా_కోడర్:
ఫొటోలు తీసేశా. బయట బోర్డు ఫొటో కూడా పెట్టను, అదొకటి మొదలైతే లోపలివీ వస్తాయి. శానిటరీ గారూ, మీరు చెప్పింది చదివాక అసలు ప్రశ్నే మారిపోయింది నాకు. ఎక్కడుంది అన్నది ఒక్కసారి రాసుకుంటే ఏళ్లపాటు పనికొస్తుంది. ఇప్పుడు తెరిచి ఉందా, నీళ్లున్నాయా అన్నది పూటకోసారి మారుతుంది. నేను మొదటిదాని మీద పనంతా చేసి రెండోదాన్ని వదిలేసేవాణ్ణి. కాబట్టి ఎవరైనా "తెరిచే ఉంది, నీళ్లున్నాయి" అని నొక్కితే ఆ పిన్ను పచ్చగా మారి, ఆరు గంటలయ్యాక దానంతటదే బూడిదరంగుకి వెళ్లిపోతుంది. పాత మంచి మాట చూపించి జనాన్ని నడిపించకూడదు.

పటం_పిచ్చి:
ఆరు గంటలు ఎక్కువ. శనివారం వాడపల్లిలో గంట చాలు లెక్క తప్పడానికి. రద్దీని బట్టి మార్చండి.

నాన్నతో_ప్రయాణం:
చదువుతూ ఆగలేక రాస్తున్నా. మా నాన్నగారికి డెబ్భై దాటాయి. షుగరు, పైగా బీపీకి నీళ్లు పోయే మాత్ర. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ఆ పూట మాత్ర ఆపేసుకుంటానంటారు, డాక్టరు వద్దన్నా వినరు, దారిలో ఇబ్బంది అని. ఆయన కింద కూర్చోలేరు, కాబట్టి వెస్ట్రన్ ఉందా లేదా అన్నది మాకు శుభ్రం కన్నా ముందు ప్రశ్న. రెండోది మెట్లు. మన వైపు వరద భయానికి ప్రతిదీ ఎత్తు పునాది మీద కడతారు, నాలుగు మెట్లు ఎక్కితే గానీ తలుపు రాదు, పక్కన కమ్మీ ఉండదు. ర్యాంప్ ఉంది అని రాసేముందు దాని మీద మోటార్‌సైకిళ్లు పెట్టారో లేదో కూడా చూడండి. మూడోది, ఆయన్ని నేను లోపలికి పట్టుకెళ్లాలి, నేను కూతుర్ని. మగవాళ్ల వైపుకి నేను వెళ్లలేను, ఆడవాళ్ల వైపుకి ఆయన రాలేరు. విడిగా ఒక్క గది, బయటనుంచి నేరుగా తలుపు ఉన్నది, ఎక్కడుంటే అది చెప్పండి. ఆసుపత్రుల్లో, కొన్ని రైల్వే స్టేషన్లలో ఉంటాయి, ఎక్కడెక్కడో మాత్రం అడిగి తెలుసుకోవాల్సిందే.

డెల్టా_కోడర్:
ఇది కచ్చితంగా పెడతానండి. పై వరసలో ఫిల్టర్‌గా ఉంటుంది: వెస్ట్రన్, మెట్లు లేవు, విడిగది. లోపల ఎక్కడో సెట్టింగ్స్‌లో దాచను.

టెంపో_మావయ్య:
అమ్మా, రావులపాలెం దాటాక మీరు చెప్పిన లాంటి గది ఉన్న హోటలొకటి నాకు తెలుసు. ఇక్కడ పేరు రాస్తే వాళ్లకి ఇబ్బందేమో, మెసేజ్‌లో చెప్తా.

కాల్వగట్టు_కబుర్లు:
అదిగో, అసలు చిక్కు అక్కడే ఉంది. తెలిసినవాళ్లు పేరు చెప్పడానికి భయపడుతున్నారు, ఎందుకంటే చెప్తే జనం ఎగబడతారని. మీ యాప్ హోటలు వాడి మంచితనం మీద బతకాలా?

పటం_పిచ్చి:
మంచితనం మీద ఎందుకు, ఒప్పందం మీద బతకొచ్చు. లండన్‌లో రిచ్‌మండ్ కౌన్సిల్ చాలా కాలం కిందటే చేసింది. దుకాణాలూ పబ్బులూ తమ టాయిలెట్లు బయటివాళ్లకి తెరిచి ఉంచితే కౌన్సిల్ వాళ్లకి ఏటా కొంత డబ్బిస్తుంది, కిటికీకి స్టిక్కర్ అంటిస్తుంది. మన దేశంలో దక్షిణ ఢిల్లీ కార్పొరేషన్ 2017 ఏప్రిల్ నుంచి హోటళ్లూ రెస్టారెంట్లూ బయటివాళ్లకీ ఇవ్వాలంది, కావాలంటే 5 రూపాయల దాకా తీసుకోవచ్చంది. మన దగ్గర పంచాయతీ డబ్బిచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒప్పుకున్న హోటలు మాత్రమే యాప్‌లో, వాళ్లు చెప్పిన టైముల్లో మాత్రమే, వాళ్లు చెప్పిన రేటుతో. ఒప్పుకోనివాళ్లని ఎక్కించొద్దు, ఎంత బాగున్నా సరే.

బంకు_కుర్రాడు:
ఇది చెప్తే మా ఓనరు వింటాడు. "బస్సులు వద్దు, కార్లు మాత్రం రావచ్చు" అని రాసుకునే వీలుంటే ఇంకా నయం. నీళ్లు అయిపోయినప్పుడు మేమే ఆపుకునే బటన్ కూడా కావాలి.

డెల్టా_కోడర్:
ఓనర్లకి వేరే లాగిన్ ఇస్తా. తెరిచాం, మూశాం, నీళ్లు లేవు, ఈ మూడే బటన్లు. వాడుకునేవాళ్లకి మాత్రం లాగిన్ ఉండదు, ఫోన్ నంబర్ అడగను. డెల్టా మొత్తం పిన్నులు కలిపినా చిన్న ఫైలే అవుతుంది, అది ఫోన్లోనే ఉంటే దూరం లెక్క ఫోనే వేసుకుంటుంది. ఎవరు ఎక్కడున్నారో నా సర్వర్‌కి రానే రాదు. లంకల్లో సిగ్నల్ లేకపోయినా పాత లిస్టు కనిపిస్తుంది.

లంక_రైతు:
ఆయ్, లంక అన్నారు కాబట్టి చెప్తున్నా. ఏటిగట్టు లోపల ఉన్న ఊళ్లని వరదల్లో ఏం చేస్తారు? ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. రెండోది వచ్చేసరికి మా కాజ్‌వే నీళ్లలో ఉంటుంది, బడి బాత్రూంలో మోకాలిలోతు బురద. మీ యాప్‌లో అది పచ్చగా కనిపిస్తే నవ్వుతారండి. వరద తీసాక కూడా వెంటనే పనికిరావు, గొయ్యిలో మేట వేసేస్తుంది. పునరావాసం అని గట్టు మీద బళ్లలో దింపుతారు, రెండు గదుల బాత్రూంకి ఊరంతా లైను. ఆడాళ్లు చీకటి పడేదాకా కాచుకుంటారు. నిజంగా ఏ బడిలో ఎన్ని పనిచేస్తున్నాయో ముందే రాసి ఉంటే తహసీల్దారు గారికైనా చూపించొచ్చు.

పాత_శానిటరీ:
మంచి మాట చెప్పావు. హెచ్చరిక అంకెలు బ్యారేజీ దగ్గర రోజూ ప్రకటిస్తారు. గట్టు లోపలివి, గట్టు బయటివి అని ముందే గుర్తు పెట్టుకుంటే రెండో హెచ్చరిక రాగానే లోపలివన్నీ ఒక్క దెబ్బకి మూసినట్టు చూపించొచ్చు.

2027లో గోదావరి పుష్కరాలు కూడా గుర్తుంచుకోండి. 2015లో జులై 14 నుంచి 25 దాకా జరిగాయి, అప్పుడు రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా రేవురేవునా జనమే. పుష్కరాలకి తాత్కాలిక టాయిలెట్లు వందల్లో పెడతారు, అయిపోగానే తీసేస్తారు. వాటికి మొదలూ చివరా తేదీ వెయ్యకపోతే తర్వాత మూడేళ్లపాటు మీ మ్యాపులో దెయ్యాల్లా తిరుగుతాయి. అంతర్వేది తీర్థానికీ, సంక్రాంతి ప్రభల తీర్థాలకీ అంతే.

కాల్వగట్టు_కబుర్లు:
సరే, నేనూ ఒక పని చెప్తా. ఎక్కడ వెతికితే "ఏమీ లేవు" అని వచ్చిందో అది రాసి పెట్టు. ఎవరు వెతికారో వద్దు, ఏ ఊళ్లో ఎన్నిసార్లు ఏమీ దొరకలేదో అంతవరకే. ఆ కాగితం పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి నేనొస్తా. ఉన్నవాటి లిస్టు కన్నా లేనివాటి లిస్టు నాకు ఇష్టం.

డెల్టా_కోడర్:
అది మాత్రం వాడుకునేవాళ్ల అనుమతితోనే, ఊరి పేరు వరకే పంపేలా పెడతా. బాగుంది కబుర్లు గారూ, ఇంతసేపూ తిట్టి చివరికి ఫీచర్ ఇచ్చారు.

పటం_పిచ్చి:
ప్లే స్టోర్ సంగతి ఇప్పుడే చూసుకోండి. ఖాతాకి ఒకసారి 25 డాలర్లు. కొత్తగా తీసిన వ్యక్తిగత ఖాతా అయితే 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టులో (పిలిచినవాళ్లకే యాప్ ఇచ్చే టెస్టు) ఉంటే గానీ అందరికీ విడుదల చేయనివ్వరు. మధ్యలో ఎవరైనా వెళ్లిపోతే లెక్క తగ్గిపోతుంది. కొంచెం ఎక్కువమందిని చేర్చుకోండి.

పాలకొల్లు_ఆడపడుచు:
మా స్టాఫ్‌రూం నుంచి ఆరుగురు రెడీ. ఒకావిడది ఐఫోను, ఆవిణ్ణి లెక్కపెట్టకు.

టెంపో_మావయ్య:
మా స్టాండు నుంచి డ్రైవర్లు ఐదారుగురు వస్తారు. అందరివీ చవక ఫోన్లే, స్టోరేజీ నిండిపోయి ఉంటాయి, యాప్ బరువుగా ఉంటే తీసిపారేస్తారు. అక్షరాలు పెద్దవి ఉండాలి, అన్నీ తెలుగులో. ఈ శనివారం వాడపల్లి బండి నాదే, ఆ లోపు గ్రూపు పెడితే దారి పొడవునా వాయిస్‌లు పంపుతా.

డెల్టా_కోడర్:
గ్రూపు రాత్రికి పెడతా మావయ్య గారూ. ముందు రావులపాలెం, వాడపల్లి మధ్య ఉన్నవి మాత్రమే చెప్పండి, మిగతా రూటు తర్వాత చూద్దాం. ప్రతిదానికీ మూడు మాటలు చాలు: తాళం ఎవరి దగ్గర, నీళ్లు ఎక్కణ్ణుంచి, రేటెంత.

బంకు_కుర్రాడు:
వాయిస్‌లో మా బంకు పేరు వస్తే ఎక్కించే ముందు ఒక్కసారి మా ఓనరుకి ఫోన్ చెయ్యండి. సాయంత్రం ఆరు తర్వాత చేస్తే మంచి మూడ్‌లో ఉంటాడు.